ముందు చక్రాలకు పూనకం

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోతున్న పికప్ ట్రక్కు ఒక వంతెన అతుకు దాటుతుంది. తగిలింది చిన్న కుదుపే. కానీ అది దాటిన వెంటనే ముందు చక్రాలు రెండూ కుడికీ ఎడమకీ కొట్టుకోవడం మొదలుపెడతాయి. ఒకటి రెండు సెకన్లలో అది ఎంత ముదురుతుందంటే స్టీరింగ్ చేతుల్లో నిలవదు, అద్దాల్లో వెనక వచ్చే బండి కనబడదు, ముందుభాగం మొత్తం ఊడొస్తుందేమో అన్నంతగా అదిరిపోతుంది. వేగం బాగా తగ్గేదాకా ఆగదు. అమెరికాలో దీన్ని 'డెత్ వాబుల్' అంటారు. ముందు చక్రాలు రెండింటినీ ఒకే ఉక్కు ఇరుసు కలిపి ఉంచే బళ్లలో, అంటే ఫోర్డ్ ఎఫ్-250, ఎఫ్-350, రామ్ 2500, 3500, జీప్ రాంగ్లర్ లాంటి వాటిలో ఇది ఎక్కువ. లిఫ్ట్ కిట్ వేసి నాలుగు అంగుళాలో ఆరు అంగుళాలో ఎత్తు పెంచి, పెద్ద టైర్లు తొడిగిన వాటిలో ఇంకా ఎక్కువ. దీనికి విడిభాగాల దుకాణంలో సులువుగా దొరికే విరుగుడు స్టీరింగ్ డ్యాంపర్, అంటే స్టీరింగ్ కడ్డీల ఊపును మింగే నూనె గొట్టం. ఒకటి చాలకపోతే రెండు బిగిస్తారు. డ్యాంపర్ పనికిరాదని నేననను. అయితే ఈ వణుకును రాకుండా చేసేది డ్యాంపర్ కాదు. కోణాలు సరిగ్గా ఉండాలి, కీళ్లలో లూజు ఉండకూడదు. ఆ రెండూ కుదరని బండికి ఎన్ని డ్యాంపర్లు వేసినా ప్రమాదం వాయిదా పడుతుంది, అంతే.

ముందుగా ఇది మామూలు అదురు కాదని తేల్చుకోవాలి. చక్రం బ్యాలెన్స్ తప్పితే స్టీరింగ్ అదురుతుంది, అది అందరికీ తెలిసిందే. 35 అంగుళాల టైరు చుట్టుకొలత సుమారు 2.8 మీటర్లు. 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. అంటే ఆ చక్రం సెకనుకు దాదాపు ఎనిమిది చుట్లు తిరుగుతుంది, ఒకపక్క బరువెక్కువైతే సెకనుకు ఎనిమిదిసార్లు తంతుంది. వేగం మారగానే ఆ తాపుల లెక్కా మారుతుంది, అదురు తగ్గిపోతుంది. డెత్ వాబుల్ తీరు అది కాదు. ఒకసారి మొదలైతే, మొదలైన వేగం కంటే కిందికి దిగినా కొనసాగుతుంది. బయటినుంచి ఎవరూ తన్నకుండానే తనను తాను పోషించుకుంటుంది. ఇక్కడో చిక్కుంది. ఇరుసు, చక్రాలు, స్టీరింగ్ కడ్డీలు అన్నీ కలిసి సహజంగా ఊగే లయ కూడా చాలా బళ్లలో ఆ సెకనుకు ఎనిమిది దరిదాపుల్లోనే ఉంటుంది. అందుకే బ్యాలెన్స్ తప్పిన టైరు ఆ వేగంలో ఊపును రాజేయగలదు. అందుకే బ్యాలెన్సింగ్ చేయించి 'బాగైంది' అనుకునేవాళ్లు కొన్నాళ్ల తర్వాత మళ్లీ షాపుకు వస్తారు. రాజేసే నిప్పురవ్వ పోయింది గానీ, అంటుకునే సరుకు అలాగే ఉంది.

మరి తనను తాను పోషించుకోవడానికి శక్తి ఎక్కడినుంచి వస్తుంది? బండి ముందుకు పోయే వేగంలోంచే. చక్రం కొంచెం పక్కకు తిరిగిన క్షణంలోనే దాన్ని వెనక్కి సర్దే బలం పుట్టదు. టైరు రబ్బరు మెలిపడి నేలను పట్టుకోవడానికి బండి కొంత దూరం దొర్లాలి. పెద్ద టైరుకు ఆ దూరం అర మీటరు అనుకుందాం. సెకనుకు ఎనిమిది ఊపుల లెక్కన ఒక్కో ఊపుకు బండి 2.8 మీటర్లు ముందుకు పోతుంది కాబట్టి, సర్దే బలం ఊపులో ఆరో వంతు ఆలస్యంగా వస్తుంది. అప్పటికే చక్రం వెనక్కి మళ్లి ఉంటుంది. ఆపాల్సిన బలం కాస్తా, తిరిగే దిశలోనే ఇంకో తోపు తోస్తుంది. సూపర్ మార్కెట్‌లో తోపుడుబండి ముందుచక్రం కొంచెం వేగం పెంచగానే టపటపా కొట్టుకోవడం వెనక ఉన్నదీ ఈ జాతి ఊపే. విమానాల ముక్కు చక్రాల్లోనూ వస్తుంది కాబట్టే వాటికి ప్రత్యేకంగా డ్యాంపర్లు పెడతారు.

ఇక్కడే ఒక లెక్క గమనించాలి. ఆలస్యం వల్ల ఒక్కో ఊపులో లోపలికి వచ్చే శక్తి, ఊపు వెడల్పు రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. కీళ్లలో ఉండే పొడి రాపిడి మింగే శక్తి మాత్రం రెండు రెట్లే పెరుగుతుంది. కాబట్టి ఊపు చిన్నదైతే రాపిడిదే పైచేయి, వణుకు పుట్టకముందే చచ్చిపోతుంది. ఒక గుంత, ఒక వంతెన అతుకు ఆ ఊపును ఒక హద్దు దాటించిందా, ఇక వచ్చే శక్తిదే పైచేయి. టైరు నేలమీద జారడం మొదలయ్యేదాకా వణుకు పెరుగుతూనే పోతుంది. 'రెండేళ్లుగా ఇదే బండి నడుపుతున్నాను, ఎప్పుడూ రాలేదు' అనే మాటకు ఇదే జవాబు. రాలేదంటే రాదని కాదు, ఆ హద్దు దాటించే గుంత సరైన వేగంలో ఇంకా తగల్లేదని. షాపులో టెస్ట్ డ్రైవ్‌కు తీసుకెళ్లిన మెకానిక్‌కు ఏమీ కనిపించకపోవడానికీ కారణం ఇదే.

ఇది కొత్త సమస్య కూడా కాదు. 1920లలో కార్లకు మెత్తని, లావుపాటి బెలూన్ టైర్లు, ముందు బ్రేకులు వచ్చాక ముందు చక్రాల ఊపు పెద్ద తలనొప్పిగా తయారైంది. ఒకే ఇరుసు మీద ఒక చక్రం గుంతలో పడితే ఇరుసంతా వాలుతుంది, దానితోపాటు వేగంగా తిరుగుతున్న రెండు చక్రాలూ వాలతాయి. తిరిగే చక్రాన్ని వాల్చితే అది పక్కకు మళ్లుతుంది, బొంగరం ధర్మం అది. అంటే ఇరుసు పైకీ కిందికీ ఊగడం, చక్రాలు కుడికీ ఎడమకీ ఊగడం ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. రోల్స్ రాయిస్ నుంచి వచ్చి జనరల్ మోటార్స్‌లో చేరిన మారిస్ ఆలీ ఈ ముడిని విప్పేందుకు ఒక్కో చక్రాన్ని విడివిడిగా వేలాడదీసే పద్ధతికి పట్టుబట్టాడు. 1934 మోడళ్లతో ఆ కంపెనీ కార్లకు అది వచ్చింది. ఇవాళ అదే కంపెనీ షెవర్లే సిల్వరాడో 2500 హెచ్‌డీకి కూడా ముందు ఒకే ఇరుసు లేదు. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్‌కూ లేదు. అందుకే అలాంటి పికప్‌లలో ఈ జాతి వణుకు గురించి పెద్దగా వినం. పాత జిప్సీకీ, 2023లో మన మార్కెట్లోకి వచ్చిన మారుతీ జిమ్నీకీ మాత్రం ముందు ఒకే ఇరుసు ఉంది, కాబట్టి కింద చెప్పేదాంట్లో చాలావరకు వాటికీ వర్తిస్తుంది. మరి ఫోర్డ్, రామ్ ఇంకా ఆ పాత ఇరుసునే ఎందుకు అంటిపెట్టుకున్నాయి? మంచు తోసే బ్లేడు, భారీ సరుకు, రాళ్లదారి లాంటి వాటికి అది మొండిగా నిలుస్తుంది, బాగుచేయడమూ తేలిక. ఆ ఎంపిక తప్పని నేననుకోను. దాని షరతులు పాటించకపోవడమే తప్పు.

లిఫ్ట్ కిట్ ఆ షరతుల్లో రెంటిని దెబ్బతీస్తుంది. మొదటిది క్యాస్టర్. చక్రం ఏ అక్షం మీద కుడిఎడమలకు తిరుగుతుందో ఆ అక్షం పైకొన కాస్త వెనక్కి వాలి ఉంటుంది. దాన్ని నేలదాకా పొడిగిస్తే టైరు నేలను తాకే చోటికి కొంచెం ముందు తగులుతుంది. ఆ కొద్దిపాటి దూరం వల్లే చక్రం అక్షం వెనక ఈడ్చుకుంటూ వచ్చి తనంతట తాను సూటిగా నిలబడుతుంది. టైరు కేంద్రం నేలకు 42 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, 5 డిగ్రీల క్యాస్టర్‌కు ఆ దూరం 3.7 సెంటీమీటర్లు. 1 డిగ్రీకి పడిపోతే 7 మిల్లీమీటర్లే. ఎత్తు పెంచితే అది ఎందుకు పడిపోతుందంటే, ఫోర్డ్ సూపర్ డ్యూటీ (పైన చెప్పిన ఎఫ్-250, ఎఫ్-350) లాంటి వాటిలో ఇరుసును వెనకనుంచి పట్టుకునే రేడియస్ ఆర్మ్‌లు ఇరుసుకు గట్టిగా బిగించి ఉంటాయి. ఛాసిస్ పైకి లేస్తే ఆర్మ్ వాలుతుంది, ఆర్మ్‌తోపాటు ఇరుసూ దొర్లుతుంది. ఆర్మ్ పొడవు 90 సెంటీమీటర్లు అనుకుంటే 5 సెంటీమీటర్ల ఎత్తుకు 3 డిగ్రీలు పోతాయి, 10 సెంటీమీటర్లకు 6 డిగ్రీలకు పైగా. స్ప్రింగుల కింద స్పేసర్లు మాత్రమే పెట్టి అమ్మే చవక కిట్లలో దీనికి దిద్దుబాటు ఉండదు. ఆర్మ్ కొనను కిందికి దించే బ్రాకెట్లో, పొడవైన ఆర్మ్‌లో, వాలు సరిచేసే బాల్ జాయింట్ స్లీవులో వేయాలి. కిట్ ధర చూసేటప్పుడు ఇవి అందులో ఉన్నాయా అని అడగడమే అసలు బేరం.

రెండోది ట్రాక్ బార్. కాయిల్ స్ప్రింగులున్న బండిలో ఇరుసు పక్కకు జరగకుండా పట్టుకునేది ఈ ఒక్క కమ్మీయే. ఒక కొన ఛాసిస్‌కు, ఇంకో కొన ఇరుసుకు. అది దాదాపు అడ్డంగా ఉన్నంతకాలం మంచిదే, ఎత్తు పెంచిన కొద్దీ ఏటవాలవుతుంది. కమ్మీ పొడవు 90 సెంటీమీటర్లు అనుకుని లెక్క వేద్దాం. అడ్డంగా ఉన్నప్పుడు చక్రాలు 5 సెంటీమీటర్లు పైకి లేస్తే ఇరుసు పక్కకు జరిగేది మిల్లీమీటరున్నర లోపే. రెండు కొనల ఎత్తుల మధ్య 20 సెంటీమీటర్ల తేడా వచ్చాక అదే 5 సెంటీమీటర్లకు ఇరుసు పూర్తిగా ఒక సెంటీమీటరు జరుగుతుంది. ప్రతి గుంతకూ ఇరుసు పక్కకు తన్నుకుంటుందన్నమాట. దీనికి తోడు స్టీరింగ్ బాక్సునుంచి చక్రానికి పోయే డ్రాగ్ లింక్ ట్రాక్ బార్‌తో సమాంతరంగా ఉండాలి, పొడవులోనూ దగ్గరగా ఉండాలి. అప్పుడే రెండూ ఒకే చాపం గీస్తాయి, గుంతలో పడినా చక్రం తిరగదు. డ్రాగ్ లింక్‌ను స్టీరింగ్ బాక్సుకు కలిపే పిట్‌మన్ ఆర్మ్ మార్చి ఆ లింక్ కోణం మాత్రం సరిచేసి, ట్రాక్ బార్‌ను అలాగే వదిలేస్తే ఆ జత విడిపోతుంది. సగం దిద్దుబాటు ఒక్కోసారి అసలు చేయకపోవడం కంటే చెడ్డదనడానికి ఇది మంచి ఉదాహరణ.

కోణాలు సరిగ్గా ఉన్నా కీళ్లలో లూజు ఉంటే అంతా వృథా. ట్రాక్ బార్ కొనలో 2 మిల్లీమీటర్ల ప్లే ఉందనుకోండి. ఇరుసు 2 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది, డ్రాగ్ లింక్ జరగదు. చక్రాన్ని తిప్పే ఆర్మ్ 20 సెంటీమీటర్లయితే, డ్రైవరు చెయ్యి కదపకుండానే చక్రాలు అర డిగ్రీకి పైగా తిరిగిపోతాయి. ఆ ఖాళీ ఉన్నంత మేర వ్యవస్థలో బిగువే లేదు, ఊపుకు అడ్డే లేదు. చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. ట్రాక్ బార్ బోల్టు పని తన ఒంటితో బరువు మోయడం కాదు, బ్రాకెట్ రెక్కలను, బుష్ లోపలి గొట్టాన్ని కలిపి నొక్కి పట్టడం. ఆ నొక్కుడు తగ్గిందంటే గొట్టం జారి రంధ్రాన్ని తొలవడం మొదలుపెడుతుంది. కాబట్టి కంపెనీ పుస్తకంలో రాసిన బిగువుకు టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. అదీ బండి బరువు చక్రాల మీద ఉండగా. ఇరుసు గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, నేలమీద దించగానే బుష్‌లోని రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, తొందరగా చిరుగుతుంది.

లూజు కనిపెట్టడానికి యంత్రం అక్కర్లేదు, ఇద్దరు మనుషులు చాలు. హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేసి, బండి నేలమీదే ఉండగా ఒకరు స్టీరింగ్‌ను పావుచుట్టు కుడికీ ఎడమకీ గబగబా తిప్పుతూ ఉండాలి. రెండోవారు ముందుభాగం కింద చూస్తూ ఒక్కో కీలు మీద వేళ్లు ఆనించాలి. ఒకవైపు వేళ్లు కమ్మీ మీద, మరోవైపు బ్రాకెట్ మీద. కీలు బాగుంటే రెండూ కలిసి కదులుతాయి. లేకపోతే ముందు టక్కుమని ఒకటి, ఆ తర్వాత రెండోది కదలడం వేళ్లకే తెలుస్తుంది. బోల్టు తల చుట్టూ రంగు గీసుకుపోయి మెరిసే ఉక్కు నెలవంకలా కనబడితే అక్కడ జరుగుడు ఉందన్నట్టే. ట్రాక్ బార్ రెండు కొనలు, డ్రాగ్ లింక్, రెండు చక్రాలనూ కలిపే టై రాడ్ కొనలు, స్టీరింగ్ బాక్సు ఛాసిస్‌కు బిగిసే చోటు, ఇవన్నీ ఈ పద్ధతిలో దొరుకుతాయి. బాల్ జాయింట్లకు, వీల్ బేరింగులకు మాత్రం ఇరుసును జాకీ స్టాండ్ల మీదికెత్తి, టైరు కింద గడ్డపార పెట్టి లేపి చూడాల్సిందే.

ఇప్పుడు గట్టి అభ్యంతరం. 2019లో జీప్ కంపెనీ కొత్త రాంగ్లర్లలో ఇదే ఫిర్యాదు వచ్చినప్పుడు చేసిందేమిటి? స్టీరింగ్ డ్యాంపర్‌నే ఉచితంగా మార్చింది. తయారుచేసిన ఇంజనీర్లే డ్యాంపర్ అంటుంటే కాదనడానికి మనమెవరం? ఈ అభ్యంతరంలో నిజముంది, పైన చెప్పిన శక్తి లెక్కే దానికి సాక్ష్యం. నూనె డ్యాంపర్ మింగే శక్తి కూడా ఊపు వెడల్పు రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. అంటే పొడి రాపిడిలా వెనకబడదు, వచ్చే శక్తితో సమానంగా పరుగెత్తుతుంది. కొత్త బండిలో, కీళ్లన్నీ బిగువుగా ఉన్నప్పుడు, హద్దుకు కాస్త ఇవతల నిలబెట్టడానికి అది చాలు. అయితే ఆ కంపెనీయే చెప్పిన కారణం చూడండి: చలి పెరిగినప్పుడు పాత డ్యాంపర్ సరిగ్గా పనిచేయలేదట. నూనె చిక్కదనం, సీళ్ల వయసు, వాతావరణం మీద ఆధారపడే ఒక గొట్టం మీద మొత్తం భద్రతను వేలాడదీస్తే ఏమవుతుందో ఆ మాటలోనే ఉంది. కీళ్లు అరిగే కొద్దీ లోపలికి వచ్చే శక్తి పెరుగుతూ పోతుంది, డ్యాంపర్ మింగే శక్తి మాత్రం పాతబడే కొద్దీ తగ్గుతుంది. రెండు గీతలూ ఎక్కడో కలుసుకోక తప్పదు. ఇంకా పెద్ద నష్టం ఏమిటంటే, గట్టి డ్యాంపర్ చిన్న చిన్న హెచ్చరికలను మింగేస్తుంది. ట్రాక్ బార్ అరుగుతున్నప్పుడు స్టీరింగ్‌లో తెలియాల్సిన చిన్న అదురు తెలియదు, తెలిసేది ఒకేసారి నిండు వేగంలో. అందుకే నా వరకు డ్యాంపర్ చివర వేయాల్సినది. అది విప్పేసి నెమ్మదిగా నడిపి చూసినా బండి నిలకడగా ఉండాలి.

ఇంకో వైపు నుంచి వచ్చే వాదన, తప్పంతా లిఫ్ట్ వేసుకున్నవాళ్లదేనని. 2012లో ఇద్దరు అమెరికా కాంగ్రెస్ సభ్యులు రాంగ్లర్ వణుకు గురించి అడిగినప్పుడు జీప్‌లు తయారుచేసే క్రైస్లర్ ఇలాంటి జవాబే ఇచ్చింది. ఒకే ఇరుసున్న ఏ బండికైనా ఇది రావచ్చు, చాలాసార్లు బయట బిగించిన భాగాలే కారణం అని. మొదటి సగం ఒప్పుకోవచ్చు. రెండో సగం పూర్తి నిజం కాదు, ఎత్తు పెంచని బళ్లలోనూ వణుకు వచ్చింది, ఫోర్డ్ సూపర్ డ్యూటీ యజమానులు కొందరు 2019లో కోర్టుకు కూడా వెళ్లారు. ఎత్తు దానంతటది నేరస్తురాలు కాదు, ఉన్న వెసులుబాటును తినేస్తుంది. వణుకు ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే, కోణాలు దిద్ది బిగించిన లిఫ్ట్ బండి, అరిగిన ట్రాక్ బార్ ఉన్న మామూలు బండి కంటే నయం. బోల్తాపడే ప్రమాదం సంగతి వేరే. మన దేశంలోనైతే ఆర్‌సీలో ఉన్న మూల నిర్మాణాన్ని మార్చే విషయంలో చట్టం గట్టిగా ఉంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది కాబట్టి జిమ్నీ వాళ్లు ఆ ముచ్చట ముందే ఆలోచించుకోవాలి.

క్యాస్టర్ మంచిదైతే మరింత పెంచేద్దామనే ఉత్సాహమూ చూస్తుంటాం. అదీ సరికాదు. టైరు బలం ఆలస్యంగా వచ్చేటప్పుడు దాని చేతికి పొడవైన మీట ఇచ్చినట్టవుతుంది, వణుకును పోషించే దారి వెడల్పవుతుంది. పైగా ఇరుసును దొర్లించిన కొద్దీ ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం చెడి వేరే అదురు మొదలవుతుంది. లిఫ్ట్ బళ్లకు షాపుల్లో సాధారణంగా పెట్టేది 4 నుంచి 6 డిగ్రీలు, దాన్ని దాటడానికి గట్టి కారణం ఉండాలి. అలాగే చక్రాలు బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు వేస్తే గుంత తాపు స్టీరింగ్ అక్షానికి ఇంకా దూరంనుంచి తగులుతుంది, అంటే అది చక్రాన్ని మరింత బలంగా పక్కకు తిప్పుతుంది. చూపుకు బాగుంటాయని కొనే భాగాలకు అసలు ఖరీదు కట్టేది ఇక్కడే.

ఇవన్నీ చేశాక కూడా రోడ్డు మీద వస్తే చేయాల్సింది తక్కువే. స్టీరింగ్‌ను రెండు చేతులతో స్థిరంగా పట్టుకోవాలి, బొటనవేళ్లు ఊచల లోపల ఉండకూడదు. ఊపుకు ఎదురు తిప్పే ప్రయత్నం వద్దు, మన చేతులు సెకనుకు ఎనిమిదిసార్లు స్పందించలేవు, ఆలస్యంగా తిప్పి ఊపుకే సాయపడతాం. బ్రేకు మీద ఒక్కసారిగా ఎక్కకుండా యాక్సిలరేటర్ వదిలి, మెల్లగా తగ్గించుకుంటూ పక్కకు తీయాలి. ఆ తర్వాత 'ఆగిపోయిందిలే' అని ఇంటికి నడుపుకుపోకూడదు. ఒక్క విడత వణుకు బాల్ జాయింట్లను, టై రాడ్ కొనలను, స్టీరింగ్ బాక్సును కొన్ని వందల దెబ్బలు కొట్టి ఉంటుంది, ముందు లేని లూజు అప్పుడు పుట్టి ఉండొచ్చు. ట్రాక్ బార్ బోల్టు బయటికి తీసి రంధ్రాన్ని చూడాలి. గుండ్రంగా ఉండాల్సింది కోలగా మారి ఉంటే కొత్త బోల్టును ఎంత బిగించినా నిలవదు. ఆ బ్రాకెట్ మార్చాలి, లేదా సరైన కొలత రంధ్రమున్న ఉక్కు వాషర్‌ను దానిమీద వెల్డు చేయించాలి.